రజాక్ తుడిచిన కారు

మిల్లు గేటుకు కట్టిన బ్యానర్‌ను రహీమున్నీసా కూడబలుక్కుంటూ చదివింది. ఐదో తరగతి దాకా తెలుగు బడికి పోయిన మనిషి. అక్షరాలు మసకబారాయి గానీ పూర్తిగా చెరిగిపోలేదు. పైన పాతకార్ల బొమ్మలు, కింద వేలంపాట తారీఖు, మధ్యలో ఎర్రటి అక్షరాలతో ఒక మాట: 'ముప్పై ఏళ్ళుగా మనిషి చెయ్యి తగలని కార్లు.'

తప్పు చదివానేమోనని మళ్ళీ మొదటి నుంచి చదివింది. తప్పేమీ లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

"ఎంకమ్మా, గిది జూడు. మనిషి చెయ్యి తగల్లేదంట. మరి మా ఇంటాయన మనిషి కాకపోతే ఏంది, దయ్యమా?"

ఎంకమ్మ గేటు ఎదురుగా చాయ్ బండి నడుపుతుంది. మిల్లు నడిచిన రోజుల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పల్లీలు ఏరినవాళ్ళే. "రాసేటోల్లకు ఏం దెల్సు అక్కా, వాల్లు యాడి నుంచో వచ్చిండ్రు. పోనియ్యి," అంది స్టవ్ మీంచి తల ఎత్తకుండానే.

పోనిచ్చే రకం కాదు రహీమున్నీసా. ఆ రోజంతా గేటు లోపలికి పోతూ, బయటికి వస్తూ ఆ బ్యానర్ వంక గుడ్లురిమి చూస్తూనే ఉంది.

వనపర్తి నుంచి అమరచింత పోయే తోవలో, ఊరు దాటగానే ఎడమపక్కన ఉంటుంది ఆ పల్లినూనె మిల్లు. ఒకప్పుడు శ్రీరంగాపూర్ దిక్కు నుంచీ, అమరచింత దిక్కు నుంచీ పల్లికాయ బండ్లు వచ్చి రోడ్డు మీద బారులు తీరేవి. గానుగ వాసన ఊరి నడిమధ్య దాకా కొట్టేది. తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే. చవక పామాయిల్ ప్యాకెట్లు వచ్చాయి, వానలు మొహం చాటేశాయి, మిల్లు మూతపడింది. గానుగలు పాతసామాను కింద పోయాయి. గోదాములు మాత్రం మిగిలాయి, వాటి నిండా కార్లు మిగిలాయి.

కార్ల పిచ్చి మిల్లు యజమాని బాలకృష్ణ సేటుది. కొందరికి తాగుడు, కొందరికి పేకాట, ఆయనకు కారు. సంస్థానాల వాళ్ళ చుట్టాలు చేతిలో చిల్లిగవ్వ లేక అమ్ముకున్న కార్లు, ఆనకట్ట పని అయిపోయాక కాంట్రాక్టర్లు వదిలించుకున్న కార్లు, కంటిచూపు పోయిన డాక్టరుగారి కారు, కొల్లాపూర్ మామిడితోటలో కోళ్ళు గుడ్లు పెడుతున్న కారు, ఏది కనబడితే అది కొనేవాడు. తాడు కట్టి ఈడ్పించుకొచ్చి, వారం రోజులు దాని చుట్టూ తిరిగి, గోదాములో పెట్టించి మరిచిపోయేవాడు. ఉంపుడుగత్తెను పెట్టుకున్నవాడైనా నెలకొకసారి ఆ గడప తొక్కుతాడు. సేటు అదీ చేయలేదు. ఎన్ని కార్లున్నాయో ఆయనకే సరిగ్గా తెలియదు.

రహీమున్నీసా మొగుడు రజాక్‌కు తెలుసు. సేటు దగ్గర డ్రైవరుగా చేరినప్పుడు అతనికి మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు. సేటు ఎక్కే కారు నల్లటి ప్లిమత్. దాన్ని నడిపింది రజాకే. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా పెళ్ళికొడుకును ఊరేగించింది అందులోనే. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయిందీ అందులోనే. మిల్లు మూసిన రోజు అందరినీ పొమ్మన్నారు. రజాక్‌ను ఒక్కడినే సేటు ఆపి, భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు గూడ పోతే ఇవి అనాథలైతయి రజాకూ. జర జూసుకో," అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటను నెత్తిన పెట్టుకుని బతుకంతా మోశాడు ఆ పిచ్చి మనిషి. సేటు ఆ మాట అన్న సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు. ఆ తర్వాత ఆర్టీసీలో డ్రైవరు నౌకరికి పిలుపొచ్చింది రజాక్‌కు. రహీమున్నీసా కొత్త చొక్కా కుట్టించింది, ప్రయాణానికి రొట్టెలు కట్టింది. రజాక్ బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాడు. "వాన వచ్చేటట్టుంది, రెండో గోదాముల రేకులు కారుతున్నయి," అన్నాడు. ఆ రోజు ఆమె తను కట్టిన రొట్టెలనే మొగుడి ముందు విసిరికొట్టింది. ఆర్టీసీలో చేరినవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. వీళ్ళు మిల్లు గేటు పక్కన ఒంటిగదిలోనే ఉండిపోయారు. పల్లీలు ఏరీ, బట్టలు కుట్టీ సంసారాన్ని ఆమే లాక్కొచ్చింది.

అతని పని పద్ధతి ఆమెకు నిద్రలో అడిగినా వస్తుంది. తెల్లవారుజామున నమాజు కాగానే పాత లుంగీని చదరంగా చింపుకుని బయలుదేరేవాడు. ముందు కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడవాలి. తర్వాత పొడిగుడ్డ. చివర్లో పల్లినూనె, అదీ గుడ్డ అంచుకు తగిలీ తగలనట్టు ముంచి, చేత్తో గుర్రాన్ని నిమిరినట్టు నిమరాలి. ఒక్కో రోజు ఒక్కో కారు. ప్లిమత్‌కు మాత్రం రోజూ.

అతని చొక్కాకు ఎప్పుడూ ఆ రెండు నూనెల వాసనే. అందుకే ఆమె ప్లిమత్‌కు సవతి అని పేరు పెట్టింది.

"ఇయ్యాల నా సవతికి తలస్నానం అయిందా?" అనేది అన్నం పెడుతూ.

"అయింది. నిన్ను అడిగింది," అనేవాడు రజాక్ నవ్వు ఆపుకుంటూ.

"నా పాపం తగులుతది దానికి, చెప్పు పోయి."

సరసం సరసమే గానీ అందులో సగం నిజమైన కడుపుమంట. మనిషి జ్వరంతో పడుకుని ఉన్నా వాన చప్పుడు వింటే లేచి పరుగెత్తేవాడు. రేకులు వేయించమని సేటును అడిగాడు, టార్పాలిన్లు అడిగాడు, పాడైపోతున్న టైర్ల కింద పెట్టడానికి నాలుగు దిమ్మెలు అడిగాడు. సేటు ప్రతిసారీ "జూద్దాం లే" అన్నాడు. చూడలేదు. ఎలుకలు సీట్లు కొరికాయి. నీళ్ళు కారి ఇనుమును తుప్పు తినేసింది. పిల్లికి పాలు పట్టడం కూడా రజాక్ పనిలో భాగమైంది, ఎలుకల కోసం.

తర్వాత పక్షవాతం వచ్చి అతని ఎడమపక్క పడిపోయింది. ఒంటిచేత్తో ఒక్క కారు తుడవడమే గగనమైంది. అతను ప్లిమత్‌ను ఎంచుకున్నాడు. మిగతావన్నీ కళ్ళముందే దుమ్ములోకి జారుకున్నాయి. వాటి మధ్య నుంచి కాలీడ్చుకుంటూ పోయేటప్పుడు తల ఎత్తేవాడు కాదు, అప్పు తీర్చలేనివాడు షావుకారు ఇంటి ముందు నుంచి పోయినట్టు పోయేవాడు. ఒకరోజు ప్లిమత్ తలుపు పట్టుకునే కూలబడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

మగవాళ్ళంతా పోయి మట్టి ఇచ్చి వచ్చారు. ఒక్కొక్కరు గోరీలో మూడేసి పిడికిళ్ళు. సేటు కూడా కట్టె ఊతంగా పట్టుకుని ఖబరస్తాన్ దాకా పోయి మట్టి ఇచ్చాడు. ఆడవాళ్ళు పోయే ఆనవాయితీ వాళ్ళలో లేదు. రహీమున్నీసా గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఊరంత ఇచ్చింది ఎంకమ్మా. కట్టుకున్న దాన్ని, నేనే ఇయ్యలేదు," అంది. ఆ మాట తర్వాత కూడా చాలాసార్లు అంది. అది ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

మొగుడు పోయిన ఆడవాళ్ళు పాటించే ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది రోజులు, తీరేదాకా ఆమె గది దాటలేదు. తీరిన మర్నాడు పొద్దున గోదాము తలుపు తీసింది. ప్లిమత్ మీద దుమ్ము పేరుకుని ఉంది. ఆమె దాని మీద దుమ్ము చూడటం అదే మొదలు. ఆమె దాన్ని తిట్టని తిట్టు లేదు. "ఆయన పోయిండు. పోయేటోడు నిన్ను నా మెడకు కట్టి పోయిండు," అని తిడుతూనే కొంగు నడుముకు చెక్కి, లుంగీ గుడ్డ అందుకుంది. ముందు కిరసనాయిలు, తర్వాత పొడిగుడ్డ, చివర్లో నూనె. ఆ రోజు నుంచి రోజూ అదే పని. సవతికి సేవ చేసిన ఆడది ఈ వనపర్తిలో తనొక్కతేనని తనే అనుకునేది.

ఆ పై ఏడాది సేటు కూడా పోయాడు. హైదరాబాద్‌లో వ్యాపారం చేసుకునే కొడుకు సుదర్శన్ కార్లన్నీ వేలం వేయడానికి ముంబై వాళ్ళెవరినో మాట్లాడాడు. రహీమున్నీసా గది జోలికి రామని ముందే చెప్పాడు, ఆమెకు ఆ బెంగ లేదు. ఆమె బెంగ అంతా ఆ బ్యానర్ మీది మాట గురించే.

బ్యానర్ కట్టిన దగ్గర్నుంచీ ఊరు ఊరంతా మిల్లు ముందే. గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి బండ్లు వేసుకుని వచ్చి మరీ చూసిపోతున్నారు. ఇన్నాళ్ళూ ఆ గోడ పక్కన మూత్రం పోసి పోయినవాళ్ళే ఇప్పుడు తుప్పుపట్టిన ఫియట్‌ను ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు. ఎంకమ్మ బండి దగ్గర అదే ముచ్చట.

"మా అమ్మను ప్రసూతికి గీ కార్లనే తీస్కపోయిండ్రంట. నేను తోవలనే పుట్టిన," అన్నాడొకడు.

"తుప్పుకు గింత గిరాకీ ఉంటదని తెలిస్తే మా నాయన స్కూటర్‌ను బాయిల పడేయకపోతుంటి," అన్నాడు ఇంకొకడు.

"రజాక్ ఏం జూసిండు గానీ," అన్నాడు ఆటో నడిపే తిరుపతి, చాయ్ ఊదుకుంటూ. "సేటు జీతమైతే ఉత్తగనే తిన్నడు. జూసేటోడైతే గిట్ల తుప్పు వడ్తయా?"

రహీమున్నీసా వెనకే ఉంది. "నీ పెండ్లికి నల్లకార్ల ఊరేగినవు గద తిరుపతీ. గప్పుడు నీ తెల్లబట్టలకు ఒక్క మరకన్నా అంటెనా? గా కారు లోపలనే ఉంది. పోయి నీ మొఖం జూసుకో, కనవడ్తది," అంది.

తిరుపతి మిగిలిన చాయ్ అలాగే వదిలేసి లేచిపోయాడు. కానీ అతనొక్కడి నోరు మూయించి లాభం ఏముంది? ఆ బ్యానర్ చదివిన ప్రతివాడూ ఇదే అనుకుంటాడు కదా. రజాక్ కూచుని తిన్నాడు, కార్లను కుళ్ళబెట్టాడు అనే కదా. అతనికి ఇల్లు లేదు, పొలం లేదు. మిగిలింది చేసిన పని ఒక్కటే. అదీ చేయలేదంటే ఇక ఆ మనిషి పుట్టి ఏం లాభం?

సుదర్శన్ వచ్చినప్పుడు ఆమె ఎదురుపోయి నిలబడింది. అతను చిన్నప్పుడు రజాక్ ఒళ్ళో కూర్చుని ప్లిమత్ స్టీరింగ్ తిప్పినవాడు.

"చిన్న సేటూ, నాకు ఏం వద్దు. నల్లకారు పాడేటప్పుడు మైకుల ఒక్క మాట చెప్పియ్యి. దీన్ని రజాక్ అనేటోడు ముప్పై ఏండ్లు జూసుకున్నడు అని. గంతే."

"గంతేనా రహీంబీ? చెప్పిస్త. రజాక్ భాయ్ లేకుంటే ఇవి ఉంటుండెనా?" అన్నాడు సుదర్శన్. అప్పుడు అతని కళ్ళలో నిజంగానే తడి కనిపించింది, అబద్ధం చెప్పకూడదు.

ఆమె వెంటనే గద్వాలలో ఉన్న కూతురు షాజియాకు ఫోన్ చేసింది. "మీ అబ్బా పేరు మైకుల చెప్తరంట. పిల్లల్ని తోలుకొని రా," అంది. ఎంకమ్మకు చెప్పింది, మసీదు దగ్గర పండ్ల బండివాళ్ళకు చెప్పింది, అడగనివాళ్ళకు కూడా చెప్పింది.

వేలానికి ఇంకా కొన్ని రోజులుందనగా అర్చన అనే అమ్మాయి వచ్చింది. వేలం కంపెనీ తరఫున కార్లన్నిటినీ సర్దే పని ఆమెది. మర్యాదస్తురాలు. వస్తూనే నమస్తే పెట్టి, అమ్మా అని పిలిచింది. ఒక్కో కారు దగ్గర ఆగి, దుమ్మును, సాలెగూళ్ళను, చిల్లులు పడ్డ రేకును చూసి మురిసిపోతూ ఫోటోలు తీయించింది. చివరికి రహీమున్నీసా గర్వంగా చివరి గోదాము తలుపు తీసింది. పొద్దుటి ఎండలో ప్లిమత్ నల్లరాయి నున్నగా చెక్కినట్టు మెరిసింది.

అర్చన మొహం వాడిపోయింది. "అయ్యో, దీన్ని తుడిచారా?"

"రోజూ తుడుస్త బిడ్డా. మా ఇంటాయన గిట్లనే తుడుస్తుండె."

అర్చన ఫోటోలు తీసే అబ్బాయి వైపు చూసింది, అతను కెమెరా దించేశాడు. తర్వాత ఓపిగ్గా చెప్పుకొచ్చింది. కొనేవాళ్ళకు తుడిచిన కారు అక్కర్లేదట. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టకుండా, ఎక్కడ ఆగిందో అక్కడే దుమ్ముకొట్టుకుపోయిన కారే కావాలట. మెరుస్తుంటే ఎవరో చెయ్యి పెట్టారని, రంగు వేశారని అనుమానపడతారట. "ఇదొక్కటీ ఇలా ఉంటే మిగతా వాటి మీద కూడా నమ్మకం పోతుందమ్మా. అన్నీ ఒకేలా ఉండాలి. దీనికి కూడా దుమ్ము పట్టించాలి."

రాళ్ళు లేని బియ్యం అడిగేవాళ్ళను చూసింది రహీమున్నీసా, మడ్డి లేని నూనె అడిగేవాళ్ళను చూసింది. డబ్బు పెట్టి దుమ్ము కొనేవాళ్ళను మాత్రం ఇదే చూడటం. సుదర్శన్ కోసం ఎదురుచూసింది. మధ్యాహ్నానికి వచ్చాడతను. అంతా విన్నాడు. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"వాల్లు చెప్పేది నిజమే రహీంబీ. గా లైన్ల గట్లనే ఉంటదంట."

"సరే, దుమ్ము సంగతి మీ ఇష్టం. మరి ఆయన పేరు?"

సుదర్శన్ చెప్పు కాలితో నేల గీకాడు. "పేరు ఎట్ల చెప్తం? జూసుకునే మనిషి ఉన్నడంటే మనిషి చెయ్యి తగిలినట్టే గద. మొత్తం కథే పోతది."

"కథనా? ముప్పై ఏండ్లు ఆయన చేసింది కథనా చిన్న సేటూ?"

"గట్ల కాదు. కోపం చేసుకోకు. గీ కారు సంగతి నీకే బాగ తెల్సు, నువ్వే జర మట్టి చల్లు. కూలి ఇప్పిస్త."

కూలి అన్న మాటకు ఆమెకు తల కొట్టేసినట్టయింది. తాళంచెవి అతని చేతిలో పెట్టి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. షాజియాకు ఫోన్ చేసి రావద్దని చెబుదామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది. రెండుసార్లూ పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఎంకమ్మ వచ్చి తలుపు కొట్టింది. "అక్కా, కూలోల్లు వచ్చిండ్రు. హోటల్ పొయ్యిల బూడిద బకెట్లల్ల తెచ్చిండ్రు. కారు మీద పోస్తరంట."

రహీమున్నీసా ఉన్నపళాన లేచి పరుగెత్తింది. ఒక కూలివాడు బకెట్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. "దించు," అంది. ఆ గొంతు విని అతను దించేశాడు. అర్చన కంగారుగా ముందుకు వచ్చింది.

"బూడిద పోయొద్దు బిడ్డా. వేరేటోల్ల చెయ్యి వద్దు. మట్టే గద కావాల్సింది, నేనే ఇస్త. జర సేపు ఆగుండ్రి."

గదిలోకి పోయి లుంగీ గుడ్డలు తెచ్చింది. ముందు కిరసనాయిలు. అద్దాల అంచులు, తలుపు పిడుల సందులు, ముందు దీపాల చుట్టూ, రజాక్ వేలు ఎక్కడెక్కడ తిరిగేదో అక్కడల్లా తిప్పింది. తర్వాత పొడిగుడ్డ. తర్వాత పల్లినూనె. అర్చన గడియారం చూసుకుంటూ, "మళ్ళీ తుడవడం ఎందుకమ్మా? పోసేది దుమ్మే కదా," అంది.

"స్నానం చేపియ్యకుండ మట్టి ఇయ్యరు బిడ్డా," అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

అర్చనకు అర్థం కాలేదు. ఎంకమ్మకు అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని తలుపు అవతలికి పోయింది.

ఒకప్పుడు పల్లికాయ ఆరబోసిన కళ్ళం నుంచి గంపెడు ఎర్రమట్టి తెచ్చుకుంది రహీమున్నీసా. లోపలి సీట్ల మీద పడకుండా అద్దాలు నాలుగూ పైకెత్తింది. తల మీద కొంగు సరిచేసుకుంది. మొదటి పిడికెడు మట్టి తలుపు పిడి మీద వేసింది, రజాక్ పట్టుకుని కూలబడిన చోట. మగవాళ్ళు అప్పుడు ఏం చదువుతారో ఆమెకు తెలుసు. కారు ముందు ఆ మాటలు నోటికి తెచ్చుకోలేదు. రెండో పిడికెడు వేసి, "ఆయనకు ఇయ్యనియ్యలేదు నన్ను. నీకిస్తున్న," అంది. మూడోసారి సగం మట్టి తన కాళ్ళ మీదే పడింది. ఆ తర్వాత పిండి జల్లెడ తీసుకుని మిగతా గంపంతా కారు మీద జల్లించింది.

నూనె పూసిన రేకు కదా, మట్టి పట్టు వదలకుండా అతుక్కుపోయింది. "సూపర్ అమ్మా, నిజంగా ముప్పై ఏళ్ళ దుమ్ములా ఉంది," అని అర్చన సంబరపడింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఆమెకు తెలిసింది అంతే. రహీమున్నీసా జల్లెడ అక్కడే వదిలేసి వచ్చింది. ఆ తర్వాత ఆ జల్లెడను ఎవరు తీశారో కూడా అడగలేదు.

వేలం రోజు మిల్లు వాకిట్లో షామియానా వేశారు. కొనేవాళ్ళకు మెత్తటి కుర్చీలు, ఊరివాళ్ళకు తాడు అవతల ప్లాస్టిక్ కుర్చీలు. షాజియా గద్వాల నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చింది. పిల్లలకు పండగ బట్టలు వేసింది. తాడు పక్కనే ముందు వరసలో కూర్చుని, మైకు సరిగ్గా వినబడుతుందా లేదా అని ముందే చూసుకుంది. తల్లి ఆమె పక్కన కూర్చుంది.

ఒక్కో కారు తోసుకొచ్చి నిలబెట్టారు. ఒక్కో కారు పోతూ ఉంది. నల్లకారు వచ్చింది. మైకు పట్టుకున్నాయన ముందు ఇంగ్లీషులో ఏదో చెప్పి, ఊరివాళ్ళ కోసం తెలుగులోకి వచ్చాడు. "ముప్పై ఏళ్ళు. ఒక్క మనిషి చెయ్యి కూడా దీనికి తగల్లేదు. చూడండి ఈ దుమ్ము."

చప్పట్లు మోగాయి. రహీమున్నీసా తాడు ఇవతల కూర్చున్న మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. తిరుపతి కొడుతున్నాడు, నల్లకారులో పెళ్ళికొడుకై ఊరేగినవాడు. తోవలో కారులోనే పుట్టినవాడు కొడుతున్నాడు. రజాక్‌కు మట్టి ఇచ్చి వచ్చిన మగవాళ్ళు కొడుతున్నారు. ఎంకమ్మ కూడా అందరితో పాటు ఒకసారి కొట్టి, ఆమె చూపు తగలగానే చేతులు కొంగు కింద దాచుకుంది. అందరికీ తెలుసు. ఒక్కడు కూడా నోరు తెరిచి అదేంది అనలేదు.

"అమ్మీ, అబ్బా పేరు ఎప్పుడు చెప్తరు?" అంది షాజియా.

"అయిపోయింది బిడ్డా. చెప్పరు."

అన్నిటికంటే ఎక్కువ ధర పలికింది ఆ కారే. చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పాడుకున్నాడు. బానెట్ ఎత్తించి లోపలికి తొంగి చూశాడు. వేలితో ఒకచోట మట్టి గీకి చూశాడు, కింద నల్లటి రంగు చెక్కుచెదరకుండా ఉంది. ఆయన ముక్కు మీద వేలు వేసుకున్నాడు. అన్నేళ్ళు దిక్కులేకుండా పడి ఉన్నా ఇంత తుప్పు లేదంటే, ఆ కాలంలో ఎంత గొప్ప ఇనుము పోసేవాళ్ళోనని చుట్టూ ఉన్నవాళ్ళతో ఇంగ్లీషులో చెప్పాడు. సుదర్శన్ అవునవునని తల ఊపాడు.

ఫోటోలో ఊరిమనిషి ఎవరైనా ఉంటే బాగుంటుందని ఆ పెద్దమనిషికి అనిపించింది. తాడు పక్కన ముసలామె కనబడింది. రమ్మన్నారు. రహీమున్నీసా పోయి కారు పక్కన నిలబడింది. చెయ్యి మాత్రం దానికి ఆనించలేదు. ఫోటో అయ్యాక ఆయన సుదర్శన్ వైపు తిరిగి, ఈ కారును ఈమె ఇంతకు ముందు ఎప్పుడైనా చూసిందేమో అడగమన్నాడు.

సుదర్శన్ అడిగాడు. అడుగుతూ, చెప్పకు అన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు. తాడు అవతల షాజియా లేచి నిలబడింది, నోరు తెరవబోయింది. తల్లి అక్కడి నుంచే వద్దని చేత్తో సైగ చేసింది. ముప్పై ఏళ్ళ చాకిరీని ఇప్పుడు దారిన పోయేవాడి ముందు చేతులు కట్టుకుని విప్పి చెప్పుకోవాలా? అడుక్కుంటే వచ్చే పేరు ఆమెకు అక్కర్లేదు. ఆమె కారు వంక చూడకుండా సుదర్శన్ మొహంలోకే చూసింది.

"మట్టి ఇచ్చినంక మొఖం జూడం చిన్న సేటూ, మా దాంట్ల. పొమ్మను. తీస్కపొమ్మను," అంది.

"ఏమంటోంది?" అని అడిగాడు పెద్దమనిషి.

"ఏం లేదు సార్," అన్నాడు సుదర్శన్. "ఎప్పుడూ చూడలేదంటోంది."